అవ్వ వెంట గిటారు

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మా వైపు మగపిల్లలకు గిటారు పిచ్చి పట్టింది. రాజధాని దొనకొండకే వస్తుందని పెద్దవాళ్ళు టీ బంకుల దగ్గర సెంట్లూ ఎకరాలూ మాట్లాడుకుంటుంటే, వీళ్ళు మార్కాపురం సెల్ షాపుల ముందు మెమరీ కార్డులు పట్టుకుని నిలబడేవాళ్ళు, గిటారు పాఠాల వీడియోలు ఎక్కించుకోవడానికి. రాజధాని రాలేదు. గిటార్లు మాత్రం వచ్చాయి. తర్లుపాడు చుట్టుపక్కల చర్చి ఉన్న ప్రతి పల్లెలో ఒక గిటారు ఉండేది, దానికి ఏదో ఒక తీగ తెగి ఉండేది.

అందరూ నేర్చుకునేది ఒకటే. జి, సి, డి, ఇ మైనర్. ఈ నాలుగు కార్డ్స్, అంటే తీగల మీద వేళ్ళు పెట్టే పట్లు, వస్తే లోకంలో సగం పాటలు వచ్చినట్టేనని వీడియోలో ఒక హిందీ అబ్బాయి చెప్పేవాడు. మా వాళ్ళకు హిందీ రాదు. అతని వేళ్ళు చూసి నేర్చుకున్నారు. వేళ్ళ కొసలు కాయలు కాసి, ఒకరికొకరు చూపించుకుని మురిసిపోయేవాళ్ళు. మిరపకాయలు కోసి కోసి కాయలు కాసిన మా అమ్మ చేతులను ఏనాడూ చూడని వాళ్ళు కూడా ఆ వేళ్ళను చూసి "అబ్బా" అనేవాళ్ళు. ఇక ఐదోది ఎఫ్ అనే కార్డ్ ఉంది. చూపుడు వేలు ఒక్కదానితో ఆరు తీగలనూ ఒకేసారి నొక్కిపట్టాలి. మా వైపు గిటారు చదువులన్నీ అక్కడే ఆగిపోయాయి. ఎఫ్ రానివాడల్లా గిటారు మంచిది కాదనేవాడు. ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అన్నారా!

నేను ఆడపిల్లను, నాకు గిటారు ఎవరిస్తారు? డిగ్రీ అయిపోయాక మార్కాపురంలో ఒక స్టీలు సామాన్ల కొట్టులో పనికి కుదిరాను. పొద్దున్నే తర్లుపాడు ఆటో ఎక్కితే సాయంత్రం మళ్ళీ ఆటోలోనే ఇల్లు. ఆ కొట్టు యజమాని శెట్టిగారు. మా వైపు ఎవరినైనా వరస పెట్టే పిలుస్తాం కాబట్టి నేను ఆయన్ను మామా అనేదాన్ని. యాభై దాటిన మనిషి, పెద్ద పొట్ట, నుదుట ఎప్పుడూ కుంకుమ బొట్టు. సరుకు కోసం విజయవాడ వెళ్ళినప్పుడు ఒక గిటారు కొనుక్కుని వచ్చాడు. కాలేజీలో చదివేటప్పటి నుంచీ ఉన్న కోరికట. ఇంట్లో ఉంచుకునే ధైర్యం లేక కొట్టులోనే బేసిన్ల వెనక పెట్టుకున్నాడు.

"ఇంట్లో తీసినానంటే మీ అత్త మిక్సీ వేస్తది అమ్మాయ్. పప్పు లేకపోయినా సరే, ఉత్త మిక్సీ వేస్తది," అన్నాడు ఒకసారి.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక బజారు నిద్రపోతుంది. ఎండకు భయపడి కుక్క కూడా రోడ్డు దాటదు. ఆ సమయంలో శెట్టిగారు ఫోను గల్లాపెట్టె మీద నిలబెట్టి, పాఠం చూస్తూ వాయించేవాడు. నేను గ్లాసులు తుడుస్తూ చూసేదాన్ని. ఒకరోజు ఆయన ఎఫ్ పట్టలేక చెమటలు కక్కుతుంటే నవ్వు ఆపుకోలేకపోయాను. "నవ్వడం కాదు, పట్టు చూద్దాం" అని గిటారు నా చేతిలో పెట్టాడు. అట్లా మొదలైంది. నాకూ ఎఫ్ వెంటనే ఏమీ రాలేదు, కానీ ఆయనకంటే ముందు వచ్చింది. ఆయన ఏమీ అనుకోలేదు. "నీవి బెండకాయలు, నావి అరటికాయలు. ఏం చేస్తాం" అని తన వేళ్ళు చూసుకున్నాడు.

స్టీలు కొట్టులో గిటారు నేర్చుకోవడంలో ఒక సుఖం ఉంది. మా వైపు ఆడవాళ్ళు బిందెను కళ్ళతో చూసి కొనరు, వేలి కణుపుతో కొట్టి, మోత విని కొంటారు. మోత బాగుంటే బిందె మందమని లెక్క. పొద్దస్తమానం కొట్టంతా ఖంగుఖంగుమంటూనే ఉంటుంది. ఖాళీ సమయంలో శెట్టిగారు ఒక బేసిన్ను కొట్టి, "ఇది యాడుందో చెప్పు" అనేవాడు. నేను గిటారు తీగ మీద ఆ మోతను వెతికేదాన్ని. అది మాకు ఆట. అంతకుమించి దానికి పనేమైనా ఉంటుందని నేను అనుకోలేదు.

ఇక మా అవ్వ సంగతి. మా నాయనకు తల్లి. మా ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, పాట పేరు చెప్పగానే అందరూ అవ్వ వైపు చూసేవాళ్ళు. ఆమె గొంతు సవరించుకోదు, ఎవరినీ చూడదు, కళ్ళు మూసుకుని ఎత్తుకుంటుంది. ఏ శ్రుతిలో ఎత్తుకుంటుందో ఆమెకే తెలియదు. మనసు బాగుంటే ఆకాశంలో, మోకాళ్ళ నొప్పులుంటే పాతాళంలో. కోడలి మీద కోపం ఉన్న వారం మరీ పైన. ఎక్కడ ఎత్తుకున్నా ఊరంతా ఆమె వెంట వెళ్ళేది. చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని పాడితే నా డొక్కలు కూడా మోగేవి.

చర్చికి కీబోర్డు వచ్చింది. వాయించేది మా చిన్నాయన కొడుకు, నాకు అన్న. వాడు చెడ్డవాడేమీ కాదు. ఫోనులో ఏ పాట ఏ శ్రుతిలో ఉంటే అదే శ్రుతిలో నేర్చుకుని వచ్చేవాడు. అవ్వ ఇంకెక్కడో ఎత్తుకునేది. వాడు ఆ శ్రుతి కోసం మీటలు నొక్కుకుంటూ వెతికి, దొరికేసరికి పాట అయిపోయి ప్రార్థన మొదలయ్యేది. గిటారు పిల్లలదీ అదే అవస్థ. చివరికి సంఘ పెద్దల దగ్గర మొర పెట్టుకున్నారు. ఒక ఆదివారం అయ్యగారు, పాపం చాలా నెమ్మదిగానే, అందరి ముందూ చెప్పాడు.

"ఇంక మీదట కీబోర్డు శ్రుతి ఇచ్చినాక అందరం కలిసి ఎత్తుకుందాం పెద్దమ్మా. పిల్లలు కష్టపడి నేర్చుకుంటా ఉండారు గదా."

"సరే అయ్యగారూ," అంది అవ్వ.

అంతే. ఆ తర్వాత ఆమె పాడలేదు. పాట పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెదవి కదపకుండా కూర్చునేది. చర్చిలో పాట ఏమైందో చెప్పనా? ఆడవాళ్ళకు ఆ శ్రుతి అందేది కాదు, మగవాళ్ళు గొణిగేవాళ్ళు, కీబోర్డు మాత్రం హాయిగా వాయించుకుంటూ వెళ్ళేది. అదైనా భరించవచ్చు. ఇంట్లో కూడా ఆమె పాట మానేసింది. కందులు చెరిగేటప్పుడు, పొయ్యి రాజేసేటప్పుడు, చేనికి వెళ్ళేటప్పుడు ఎప్పుడూ ఏదో ఒకటి పాడుతూ ఉండే మనిషి. పొద్దున్నే ఆమె గొంతు విని లేచేదాన్ని నేను. ఇప్పుడు చేట చప్పుడు ఒక్కటే వినిపించేది. నాకు ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది.

"ఎందుకే పాడవు?" అని అడిగాను.

"ఎవురో చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడిచేదానికి నేనేమన్నా గుడ్డిదాన్నా?"

"అందరూ దానితోనే పాడతాండారు గదా అవ్వా."

"పాడనీ. నా వెంట వచ్చే తెలివి మీ పెట్టెలకు లేకపోతే నన్నేం చెయ్యమంటావు?" అని చేట విదిలించింది. పొట్టు వచ్చి నా మొహం మీద పడింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం మా అవ్వ. కానీ ఆ రోజు ఆటోలో కూర్చుని ఆలోచిస్తే ఆమె మాట నాకు తగిలింది. నిజమే కదా. జి, సి, డి అని మేమంతా వేళ్ళు నేర్చుకున్నాం. చెవి ఎవరు నేర్చుకున్నారు? పాడే మనిషి ఎక్కడ ఎత్తుకుంటే అక్కడికి వెళ్ళడం ఏ వీడియోలోనూ లేదు. అవ్వ మళ్ళీ పాడాలంటే ఆమె వెంట వెళ్ళే గిటారు ఒకటి ఉండాలి. అది నేనే నేర్చుకుంటానని ఆటో దిగేలోపు నిశ్చయించుకున్నాను.

శెట్టిగారికి చెప్పాను. ఆయనకు మా చర్చి సంగతులు తెలియవు గానీ మొండి ఆడవాళ్ళ సంగతి బాగా తెలుసు.

"అయితే బేసిన్లు చాలవు అమ్మాయ్. బజారంతా వాయించు," అన్నాడు.

వాయించాను. బస్టాండు వైపు నుంచి "గిద్దలూరు, కంభం, గిద్దలూరు" అని కండక్టరు అరిస్తే ఆ అరుపును తీగ మీద పట్టుకునేదాన్ని. ఉల్లిపాయల బండివాడి కేక, పాత ఇనుము కొనేవాడి కేక, ఆటో హారన్లు, ఎదురు కొట్టులో చంటిపిల్లాడి ఏడుపు కూడా. ఏడుపు చాలా కష్టం, క్షణానికొక శ్రుతి మారుతుంది. కాపో అని ఒక క్లిప్పు ఉంటుంది. గిటారు మెడ మీద మెట్లుంటాయి కదా, ఏ మెట్టు దగ్గర ఆ క్లిప్పు పెడితే గిటారు శ్రుతి అంత పైకి వెళుతుంది, మన వేళ్ళు మాత్రం నేర్చుకున్న కార్డ్సే పట్టుకోవచ్చు. మొదట కేక వినడం, తీగ మీద వెతకడం, క్లిప్పు జరపడం, కార్డ్ పట్టడం. ఇదంతా అయ్యేలోపు ఉల్లిపాయల బండి బజారు చివర కంభం సెంటరు దాటేది. కొన్నాళ్ళకు మా కొట్టు ముందు ఉండగానే దొరకసాగింది. ఆ బండివాడికి సంగతి తెలిసి, కొట్టు ముందుకు రాగానే కావాలని రాగం మార్చి కేకేసేవాడు.

ఒకసారి పుల్లలచెరువు నుంచి ఒకామె బిందెలు కొనడానికి వచ్చింది. వాళ్ళ ఊరికి నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, అందుకని వచ్చిన రోజు పట్టిపెట్టుకోవడానికి ఇంటినిండా బిందెలు కావాలి. ఆమె ఒక్కో బిందెనూ కొట్టి చూస్తుంటే నేను పక్కనే కూర్చుని ఒక్కో మోతనూ గిటారు మీద పట్టాను.

"ఏందమ్మా, బిందెలకు పాట నేర్పుతుండావా?" అంది ఆమె.

"లేదక్కా, వాటి దగ్గర నేర్చుకుంటుండా."

"అయితే నాకు బాగా పాడేటివి ఏరిపెట్టు," అని నవ్వి, నేను ఏరినవే తీసుకుని వెళ్ళింది.

ఒక చిక్కు మాత్రం తెగలేదు. కొన్ని మోతలు రెండు మెట్లకూ మధ్యన ఉండేవి. కింది మెట్టు తక్కువ, పై మెట్టు ఎక్కువ. కాపో ఎక్కడ పెట్టినా కలిసేది కాదు. అవ్వ కూడా అట్లా మధ్యలో ఎత్తుకుంటే ఏం చేయాలని శెట్టిగారి దగ్గర దిగులు పడ్డాను.

"బిందె బేరానికి రాదు. మనిషి వస్తది," అన్నాడాయన. "నువ్వు దగ్గరికి పో. మిగతా కొంచెం ఆమె వస్తది. మీ అవ్వ బిందె కాదు గదా."

మా అవ్వ బిందెకంటే మొండిదని ఆయనకు తెలియదు.

మా ఊళ్ళో కోతలయ్యాక చర్చిలో కోత పండుగ జరుగుతుంది. ఎవరి చేలో ఏది పండితే అది తలల మీద పెట్టుకుని, ఊరి దిగువ నుంచి చర్చి దాకా పాడుకుంటూ ఊరేగింపుగా వస్తారు. భూమి లేనివాళ్ళు కూలిగా వచ్చిన గింజలు తెస్తారు. తర్వాత వాటిని వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయ కోసం ఇద్దరు బావలు పంతానికి పోవడం ప్రతి ఏడూ ఉండేదే. ఊరేగింపుకు ముందు నడిచేదీ పాట ఎత్తుకునేదీ ఎప్పుడూ అవ్వే. ఆ ఏడు ఆమె పాడుతుందా లేదా అని ఊరంతా గుసగుసలు. కీబోర్డు నడవలేదు కదా, దానికి కరెంటు కావాలి, అది చర్చిలోనే ఉంటుంది. నా ఆశంతా ఆ ఊరేగింపు మీదే. కానీ నేను బజారు కేకలనే పట్టాను తప్ప, అవ్వ గొంతును ఒక్కసారి కూడా పట్టి చూడలేదు. ఆమె పాడితే కదా!

శెట్టిగారు గిటారు ఇచ్చి పంపాడు. భుజానికి వేసుకునే పట్టీ లేదు. నా చున్నీతో కట్టుకున్నాను. వీధిలో నిలబడితే ఆడవాళ్ళు మూతులు మూసుకుని నవ్వారు. "బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకున్నాదే" అని ఒక అత్త అంది. మా నాయన తల తిప్పుకున్నాడు, కానీ నవ్వుతూనే.

వానలు సరిగా లేని ఏడు. అయినా గంపలు వచ్చాయి. కందులు, ఆముదాలు, ఎండు మిరపకాయలు, కాళ్ళు కట్టేసిన ఒక కోడిపెట్ట. అవ్వ ముందు వరసలో కందుల గంప నెత్తిన పెట్టుకుని నిలబడింది.

"పెద్దమ్మా, ఎత్తుకో," అన్నాడు అయ్యగారు.

"కీబోర్డును రానీయండి అయ్యగారూ. అది శ్రుతి ఇస్తది గదా," అంది అవ్వ.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు నేల చూశాడు. అన్న గబగబా నా దగ్గరికి వచ్చి, "నువ్వు జిలో వాయించు చెల్లీ, మేమంతా ఎత్తుకుంటాం" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నా గుండె బిందెలా మోగింది.

"నాకు ముందు పోయేది రాదన్నా. వెంట పోయేదే నేర్చుకున్నా," అన్నాను. అవ్వ పక్కకు వెళ్ళి నిలబడ్డాను. "నువ్వు ఎత్తుకో అవ్వా. నేను వస్తా."

అవ్వ గంప కదలకుండా కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది.

"వస్తావా? యాడిదాకా?"

"నువ్వు పోయిందాకా."

ఆమె ఎత్తుకుంది. ఎక్కడ ఎత్తుకుందనుకున్నారు? ఆకాశం కూడా కాదు, దానికి పైన. కావాలనే ఎత్తుకుంది. అన్ని రోజుల తర్వాత ఆ గొంతు విని నాకు కళ్ళు మసకబారాయి. ఏడ్చే తీరిక లేదు కాబట్టి తీగ మీద వెతికాను, దొరికింది, క్లిప్పు జరిపాను, కార్డ్ పట్టాను. పల్లవి రెండోసారి వచ్చేసరికి నేను ఆమెతో ఉన్నాను. వెనక ఊరంతా అందుకుంది. వీధి దద్దరిల్లింది.

ముసలావిడ ఊరుకుంటుందా? మొదటి చరణం అయిపోగానే గొంతు దించి కిందికి వెళ్ళింది. నేను వెళ్ళాను. రెండో చరణానికి మళ్ళీ పైకి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఊళ్ళోవాళ్ళకు ఆట అర్థమై, గంపలు పట్టుకునే నవ్వడం మొదలుపెట్టారు. ఎగుడుదిగుడు వీధి, నడుస్తూ వాయించాలి, చున్నీ ముడి జారిపోతుంది. నీళ్ళ ట్యాంకు దగ్గర మలుపు తిరిగేటప్పుడు ఆమె సరిగ్గా రెండు మెట్ల మధ్యన ఎత్తుకుంది. నేను వాయించింది ఎత్తు నుంచి సామాన్ల బుట్ట పడ్డట్టు వినిపించింది. అందరూ గొల్లున నవ్వారు.

అవ్వ నవ్వలేదు. పాటలో ఆ వరస చివరి అక్షరాన్ని వదలకుండా సాగదీసి, నడక ఆపి నిలబడింది. ఆమె నిలబడితే ఊరేగింపు నిలబడింది. మెడ నరాలు ఉబ్బుతున్నాయి, ఊపిరి ఎంతసేపని ఆపగలదు, అయినా వదల్లేదు. నా కోసం ఆగిందని అప్పుడు తెలిసింది. దగ్గరి మెట్టు మీద క్లిప్పు పెట్టి తీగలు మీటాను. కొంచెం తేడా ఉంది. ఆ తేడా మేర ఆమె గొంతు మెల్లగా జరిగి వచ్చి నా తీగ మీద కూర్చుంది. బేరం కుదిరింది. అవ్వ ఊపిరి పీల్చుకుని నడక సాగించింది, చర్చి గుమ్మం దాకా మళ్ళీ శ్రుతి మార్చలేదు.

లోపల గంపలన్నీ అయ్యగారి బల్ల ముందు దించారు. అన్న కీబోర్డు వెనక కూర్చున్నాడు గానీ మీటల మీద చేతులు పెట్టలేదు. అయ్యగారు తర్వాతి పాట చెప్పాడు. ఎప్పటిలాగే అందరూ అవ్వ వైపు చూశారు. చాప మీద కాళ్ళు చాపుకుని మోకాళ్ళు రుద్దుకుంటున్న అవ్వ నా వైపు తిరిగింది.

"ఏమే, ఇంత దూరం నా వెంట వచ్చినావు. ఇప్పుడు నువ్వు ముందు పో. నేను వస్తా."

బజారులో ఎవరెవరి శ్రుతులో వెతికిన నాకు, నన్నే మొదలుపెట్టమంటే ఎక్కడని పెట్టాలో తెలియలేదు. పొద్దున్నే కందులు చెరుగుతూ ఆమె పాడే పాటలు గుర్తు చేసుకున్నాను. ఆ గొంతుకు ఏది హాయిగా ఉంటుందో అక్కడ క్లిప్పు పెట్టి, నెమ్మదిగా తీగలు మీటాను. అవ్వ కళ్ళు మూసుకుని విన్నది. తల ఊపింది. నా వైపు చూసి నవ్వి, దానికంటే ఒక మెట్టు పైన ఎత్తుకుంది.